పెట్టె రాట్నం: 1929 నాటి షరతులకు ఎంతవరకు నిలుస్తుంది?

ఖాదీ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇప్పుడు పెట్టె రాట్నం ముఖ్యంగా రెండు సైజుల్లో దొరుకుతోంది. మూత వేస్తే లావుపాటి పుస్తకమంత ఉండేది ఒకటి, బ్రీఫ్‌కేసంత ఉండేది ఇంకొకటి. కొనేవాళ్లలో చాలామంది షోకేసులో పెట్టుకోవడానికో, రిటైరయ్యేవాళ్ల చేతిలో పెట్టి ఫొటో తీయించుకోవడానికో కొంటారు. ఆ పనికి ఏ రాట్నమైనా ఒకటే. ఈ సమీక్ష నిజంగా నూలు వడుకుదామని కొనేవాళ్ల కోసం.

దీన్ని దేనితో కొలవాలి? కొత్త కొలబద్ద వెతుక్కోనక్కర్లేదు. స్వరాజ్యోద్యమమే మూడు తయారుచేసి పెట్టింది. అంతకుముందు, 1916లో, ఏప్రిల్‌లో తిలక్ బెల్గాంలోనూ సెప్టెంబరులో అనిబిసెంట్ మద్రాసులోనూ పెట్టిన హోంరూల్ లీగులు సభ్యుడి దగ్గర కోరింది చందా, కాస్త చెవి. ఉపన్యాసం వినాలి, కరపత్రం చదవాలి, పదిమందికి చెప్పాలి. 1920లో గాంధీ హోంరూల్ లీగుకు అధ్యక్షుడై దాని పేరు స్వరాజ్య సభ అని మార్చాడు. మరుసటి ఏడాదికే అడిగేదీ మారిపోయింది. చెవి చాలదు, చెయ్యి కావాలన్నారు.

మొదటి కొలబద్ద మన బెజవాడలో పుట్టిందే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అక్కడ కూర్చున్న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ జూన్ 30 లోపల కోటిమంది సభ్యులను చేర్చాలని, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలని, ఊళ్లలో 20 లక్షల రాట్నాలు తిరిగేలా చూడాలని తీర్మానించింది. రెండోది 1924 నాటిది. ఆ డిసెంబరులో బెల్గాం కాంగ్రెస్ సభ్యత్వాన్ని నూలుతో ముడిపెట్టింది: నెలకు 2,000 గజాలు, సొంతంగా వడికి అయినా, ఇంకొకరి చేత వడికించి అయినా. ఏడాది తిరగకుండానే, 1925 సెప్టెంబరులో పాట్నాలో, ఆ పట్టు సడలించి నాలుగణాలో నూలో ఏదో ఒకటి ఇస్తే చాలన్నారు. అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది అప్పుడే, అక్కడే.

మూడోది అన్నిటికంటే కఠినమైనది. 1929లో ఆ చరఖా సంఘం మెరుగైన రాట్నం చేసినవాళ్లకు లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. షరతులు చూడండి: తేలిగ్గా ఉండాలి, చేత్తోనో కాలితోనో పల్లెటూరి ఇంట్లో నడవాలి, ఆడవాళ్లు పెద్ద శ్రమ లేకుండా ఏకబిగిన 8 గంటలు పనిచేయగలగాలి, చేత్తో చేసిన ఏకులు (వడకడానికి చుట్టిపెట్టిన దూది వత్తులు) దానికి సరిపడాలి, ఆ 8 గంటల్లో 12 నుంచి 20 నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) 16,000 అడుగులు రావాలి, ఖరీదు 150 రూపాయలు దాటకూడదు, వేళకు మరమ్మతు చేయించుకుంటే 20 ఏళ్లు నడవాలి, ఏడాదికి మార్చే భాగాల ఖర్చు ధరలో నూటికి 5 మించకూడదు. ఆ లక్ష ఎవరికీ దక్కలేదు. ఆ షరతుల కాగితం మాత్రం రాట్నం కొనబోయేవాడికి ఇవాళ్టికీ అంతకంటే మంచి చెక్‌లిస్టు లేదన్నట్టుగా ఉంది. ఈ సమీక్షలో మార్కులు దాని ప్రకారమే వేస్తున్నాం.

ముందు యంత్రం సంగతి. స్వరాజ్యోద్యమ కాలపు జెండా మీద కనిపించే ఆకుల చక్రపు రాట్నం వేరు, ఇది వేరు. రెండు చక్రాలు పెట్టెలో బల్లపరుపుగా పడుకుని ఉండే ఈ నమూనా 1930ల తొలినాళ్లలో, గాంధీ యరవాడ జైలు రోజుల్లో రూపు దిద్దుకుంది. అందుకే యరవాడ చక్రం అనే పేరూ ఉంది. జైలు గదిలోనూ రైల్లోనూ పట్టాలి, చంకలో పెట్టుకుని సభకు వెళ్లగలగాలి అన్నది దీని పుట్టుకలోనే ఉంది. అందుకోసం పెద్ద చక్రాన్ని వదులుకుని, ఆ వేగాన్ని రెండు అంచెల్లో రాబట్టారు.

పిడి ఉన్న పెద్ద చక్రం నుంచి ఒక లావు తాడు చిన్న చక్రపు నడుముకు వెళ్తుంది. చిన్న చక్రపు అంచు నుంచి ఒక సన్న తాడు కదురు (దారానికి పురి పెట్టే ఇనుప పుల్ల) మీది కప్పీకి వెళ్తుంది. లెక్క కట్టడం తేలికే. పెద్ద చక్రం వ్యాసాన్ని చిన్న చక్రపు నడుము వ్యాసంతో భాగించండి. చిన్న చక్రం వ్యాసాన్ని కప్పీ వ్యాసంతో భాగించండి. రెంటినీ గుణించండి. ఉదాహరణకు 20 సెంటీమీటర్లకు 2, 12 సెంటీమీటర్లకు 1.2 అయితే పదింతలు పదిసార్లు, అంటే పిడి ఒక్క చుట్టుకు కదురు 100 చుట్లు. తాడు జారుడు వల్ల అసలు తిరిగేది ఇంకాస్త తక్కువే ఉంటుంది. ఈ సంఖ్య 60 కంటే తక్కువ వచ్చే రాట్నాన్ని ఎంత అందంగా పాలిష్ పెట్టి ఉన్నా వదిలేయండి. దాని మీద సన్న నూలు తీయాలంటే చెయ్యి పడిపోతుంది.

దుకాణంలోనే చూసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. కదురు ఊడదీసి అద్దం మీద దొర్లించండి. మొన ఎగిరెగిరి పడితే వంగినట్టే. వంగిన కదురుతో ఎంత నేర్పరి వడికినా దారం తెగుతూనే ఉంటుంది, కొత్తవాళ్లు తప్పు తమ చేతిదే అనుకుంటారు. తరువాత చక్రపు అంచుకు ఆనీ ఆననట్టు పెన్సిల్ నిలబెట్టి మెల్లగా తిప్పండి. సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గితే చెక్క సరిగా ఆరకముందే చక్రం కోశారన్నమాట. ఇప్పుడు రెండు మిల్లీమీటర్ల ఊపు ఒక్క వానాకాలం గడిస్తే ఇంకా పెరుగుతుంది, తాడు గాడిలోంచి జారిపోవడం మొదలవుతుంది. పెద్ద చక్రం కింద తాడును బిగించి ఉంచే స్ప్రింగ్ ఉందో లేదో అడగండి. బహుమతి సరుకుగా అమ్మే చౌక రకాల్లో అది ఉండదు. పిడి తిప్పితే చక్రం ముచ్చటగా తిరుగుతుంది గానీ ఏకు పట్టి లాగగానే కదురు ఆగిపోతుంది. చివరగా, చిలప (నూలును వలయంగా చుట్టిన కట్ట) చుట్టుకునే చట్రం ముక్కలు పెట్టెలోనే ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. అవి లేకపోతే వడికిన నూలు కదురు మీదే ఉండిపోతుంది.

పుస్తకం సైజా, బ్రీఫ్‌కేసు సైజా అంటే, ప్రయాణాలు లేకపోతే పెద్దదే. చిన్న పెట్టెలో చక్రాలు చిన్నవి కాబట్టి తాడు ఆనే చోటు తగ్గి జారుడు ఎక్కువ. పైగా బరువు తక్కువ కావడంతో పిడి తిప్పినప్పుడల్లా పెట్టే కదిలి తిరుగుతుంది. దాని అంచు మీద మోకాలు ఆనించో, కింద రబ్బరు చాప వేసో ఆపాలి.

వాడకానికి వస్తే, నేల మీద బాసిపట్టు వేసుకుని కుడిచేత్తో పిడి, ఎడమచేత్తో ఏకు. తాడు నడిమధ్య వేలితో నొక్కితే అర అంగుళం మేర దిగాలి. అంత దిగకపోతే పిడి బరువెక్కుతుంది, ఎక్కువ దిగితే కదురు జారుతుంది. కదురు ఆనే రెండు చోట్లా కుట్టుమిషన్ నూనె ఒక్కొక్క చుక్క. కొబ్బరినూనె వేయకండి. చలికి పేరుకుంటుంది, దూది పీచును పట్టుకుని జిగురుముద్దవుతుంది. నూనె ఒక చుక్క ఎక్కువైనా కండె (కదురు మీద చుట్టుకున్న నూలు) అడుగు నల్లబడుతుంది, ఆ మరక ఉతికినా పోదు.

కదురుకు ఒక మీటరు పాత దారం కట్టి, మొన దాకా ఏటవాలుగా నాలుగైదు చుట్లు చుట్టి, దాని కొస మీద ఏకు కొసను రెండంగుళాలు ఆనించి పట్టుకుని పిడి మెల్లగా తిప్పితే పురి ఎక్కి రెండూ అతుక్కుంటాయి. ఇక్కణ్ణించి అసలు విద్యంతా ఎడమచేతి కోణంలో ఉంది. దారాన్ని కదురుకు సరిగ్గా అడ్డంగా, లంబకోణంలో పట్టుకుంటే పురి పడదు, కదురుకే చుట్టుకుపోతుంది. మొనకు ముందువైపుగా ఏటవాలుగా పట్టుకుంటే ప్రతి చుట్టుకూ దారం మొన మీంచి జారి ఒక్కో పురి పడుతుంది. ఆ జారేటప్పుడు చిన్న టిక్‌టిక్ చప్పుడు వేలికి తెలుస్తుంది. ఆ చప్పుడు సమంగా ఉన్నంతసేపూ చెయ్యి సరైన చోట ఉన్నట్టే. చప్పుడు ఆగిందంటే దారం చుట్టుకుంటోందని, ఉన్నట్టుండి జోరెక్కిందంటే ఏకు మీది వేళ్లు బిగుసుకున్నాయని అర్థం. ఏకును నలపకూడదు. బొటనవేలూ చూపుడువేలూ పిచ్చుక పిల్లను పట్టుకున్నంత మెత్తగా ఆనాలి, చెయ్యి వెనక్కి వెళ్తుంటే దూది దానంతట అదే జారాలి.

చెయ్యి 60 సెంటీమీటర్ల దాకా వెళ్లాక ఆగి పురి పూర్తిచేయాలి. ఎంత పురి? నంబరుకు వర్గమూలం తీసి నాలుగున్నరతో గుణిస్తే అంగుళానికి కావలసిన పురి వస్తుంది. 20 నంబరుకు అంగుళానికి సుమారు 20. 36 నంబరుకు 27. 60 సెంటీమీటర్లంటే 24 అంగుళాలు కాబట్టి 20 నంబరు దారానికి 480 పురులు, నూటికి ఒకటి లెక్కన పిడి ఐదు చుట్లు. 36కు ఆరున్నర. కొత్తలో ఈ చుట్లు పైకి లెక్కపెట్టుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు, నూలు సమంగా రావడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. తరువాత పిడిని కాస్త వెనక్కి తిప్పి మొన మీది చుట్లు విప్పాలి, చేతిని పైకెత్తి దారాన్ని కదురుకు అడ్డంగా తెచ్చి, ముందుకు తిప్పి కండెకు చుట్టాలి. కండె అడుగున లావుగా, మొనవైపు సన్నగా పెరగాలి. మధ్యలో ఉబ్బితే తరువాత చిలప చుట్టేటప్పుడు చుట్లు ఒకదానిమీంచి ఒకటి జారి చిక్కుపడతాయి. ఆ చిక్కు విప్పుతూ కూర్చోవడం కంటే కోసి పారేయడం నయం.

వడకడం మానేసేవాళ్లలో ఎక్కువమందిని ఓడించేది చెయ్యి కాదు, ఏకులు. రాట్నంతో పాటు ప్లాస్టిక్ సంచిలో వచ్చే ఏకులు నెలల తరబడి కింద మీద పడి అణిగిపోయి ఉంటాయి. కొస పట్టుకుని మెల్లగా లాగితే పీచు విడివిడిగా సాగాలి. ముద్దగా ఊడివస్తే ఆ ఏకు పనికిరాదు, విప్పి మళ్లీ ఏకించాల్సిందే. గింజ ముక్కలు, నల్లటి ఆకు పొడి కనిపిస్తే ప్రతి ముక్క దగ్గరా దారం తెగుతుందని లెక్క వేసుకోండి. పొట్టి పీచు పత్తి అయితే పైన చెప్పిన పురికి ఇంకో రెండు కలపాలి. ఏకులను ఎండిన డబ్బాలో, నొక్కకుండా పెట్టుకోవాలి.

ఏకు విలువ ఏమిటో సన్న ఖాదీకి పేరున్న పొందూరు చూస్తే తెలుస్తుంది. అక్కడ కొండపత్తి పీచును వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేశాకే గింజ తీయడమూ ఏకడమూ. ఒంటికదురు రాట్నం మీద 100 నంబరు నూలు తీస్తున్నారంటే సగం గొప్పతనం ఆ దువ్వడానిదే. పెట్టె రాట్నం మీద సంచి ఏకులతో 100 నంబరు తీద్దామనుకోకండి. 20 నుంచి 36 మధ్య ఆగితే రాట్నానికీ మీకూ మంచిది.

తాడు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ యంత్రంలో రోజూ పేచీ పెట్టేది అదొక్కటే. నూలు తాడు తేమకు బిగుసుకుంటుంది, ఎండకు వదులవుతుంది. నిన్న చక్కగా తిరిగినది ఇవాళ మొరాయించడానికి తొంభై పాళ్లు కారణం ఇదే. తేనెమైనం పట్టిస్తే పట్టు పెరుగుతుంది, తేమ ప్రభావమూ తగ్గుతుంది. ముడి మరీ ముఖ్యం. మామూలు ముడి వేస్తే అది కప్పీ మీంచి వెళ్లిన ప్రతిసారీ కదురు ఒక్క క్షణం ఉలిక్కిపడుతుంది. నూలులో సమదూరాల్లో లావు సన్నం కనిపిస్తున్నాయంటే ముందు చేతిని తిట్టుకోకుండా ముడి చూడండి. రెండు కొసల పురి విప్పి, పలచగా గీరి, ఒకదానిమీద ఒకటి అంగుళంన్నర మేర పరిచి సూదీ దారంతో కుట్టేస్తే ముడే ఉండదు.

వడికింది ఏ నంబరో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ చాలు. 100 మీటర్ల నూలు తూచి, 59ని ఆ గ్రాములతో భాగించండి. 2.95 గ్రాములు తూగితే 20 నంబరు, 1.64 తూగితే 36. పాత చరఖా లెక్కలో చట్రం చుట్టుకొలత 4 అడుగులు, 640 చుట్లు ఒక గుండీ, అంటే 853 గజాలు. ఇప్పటి ఖాదీ లెక్క 1,000 మీటర్లు. పెట్టెతో వచ్చే చట్రం అంతకంటే చిన్నది కాబట్టి దాని చుట్టుకొలత మీరే కొలిచి మూత లోపలి వైపు రాసిపెట్టుకోండి. చిలపను తీసే ముందు నాలుగు చోట్ల వదులుగా దారంతో కట్టాలి. వేడినీళ్లలో నానబెట్టి, కింద తేలికపాటి బరువు వేలాడదీసి ఆరబెడితే పురి కుదురుకుంటుంది. ఈ పని చేయకుండా ఇచ్చిన నూలు సాలెవాళ్ల చేతిలో మెలికలు తిరిగిపోతుంది.

ఇప్పుడు మార్కులు. 1924 కొలబద్దతో మొదలుపెడదాం. నెలకు 2,000 గజాలంటే 1,829 మీటర్లు. 20 నంబరు అయితే బరువు 54 గ్రాములే, తరుగుతో కలిపి 60 గ్రాముల ఏకులు కావాలి. చెయ్యి తిరిగినవాళ్లకు ఒక లాగుడు, పురి, చుట్టుడు కలిపి 8 సెకన్లు పడుతుంది. గంటకు 450 లాగుళ్లు, 270 మీటర్లు. కొత్తవాళ్లు అందులో సగం కూడా తీయలేరు, గంటకు 120 మీటర్లు అనుకోండి. రోజుకు అరగంట చొప్పున నెలకు 15 గంటలు. 15ను 120తో గుణిస్తే 1,800. అంటే ఏ మాత్రం నేర్పు లేని సభ్యుడు కూడా రోజుకు అరగంట కూర్చుంటే ఆ చందా ఇంచుమించు చెల్లిపోతుంది. దీన్నిబట్టి 2,000 గజాలు అనేది ఎవరో గాల్లోంచి తీసిన అంకె కాదని, కొత్తవాడి చేతిని చూసి పెట్టిన హద్దని అనిపిస్తుంది. ఈ పరీక్షలో పెట్టె రాట్నానికి పూర్తి మార్కులు.

1929 పరీక్షలో మాత్రం తప్పుతుంది. 16,000 అడుగులు అంటే 4,877 మీటర్లు, గంటకు 610. పెట్టె రాట్నం మీద నేర్పరి 8 గంటలూ తల ఎత్తకుండా వడికినా 2,160 మీటర్లు, సగం కూడా కాదు. ఒకే కదురు, లాగుడుకూ చుట్టుడుకూ మధ్య ఆగక తప్పని పద్ధతి. ఎంత మంచి చెక్క వేసినా, బాల్‌బేరింగులు బిగించినా ఈ గోడ దాటదు. ఆ గోడ దాటింది స్వాతంత్ర్యం వచ్చాక, ఏకాంబరనాథన్ అనే తమిళుడు తయారుచేసిన, ఒకేసారి అనేక కదుళ్లు తిరిగే అంబర్ చరఖాతో. అయితే అది పెట్టెలో పట్టదు, ఏకుల స్థానంలో దానికి వేరే తరహా దూది పేట (పొడవాటి దూది పోగు) కావాలి. ఏకబిగిన 8 గంటలు అనే షరతులోనూ పెట్టె రాట్నానికి సున్నా. నేల మీద కూర్చుని ఎడమచెయ్యి గాల్లో ఆడిస్తూ గంట గడిస్తే భుజం చెప్పేస్తుంది. ఎత్తు పీట మీద పెట్టి కుర్చీలో కూర్చుంటే కొంత నయం గానీ అప్పుడు పెట్టె కదలకుండా బిగించాలి.

తేలిగ్గా ఉండటం, ఇంట్లో నడవటం, చేతి ఏకులు పట్టడం, వీటిలో పాసు. 20 ఏళ్ల మన్నిక అన్నది యంత్రం కంటే అమ్మేవాళ్ల మీద ఆధారపడింది. చెక్క మంచిదైతే అరిగేవి రెండే, తాడు, కదురు ఆనే చోట్లు. తాడు ఇంట్లో చేసుకోవచ్చు. కదురు చేసుకోలేం. విడి కదుళ్లు అమ్మని చోట కొన్న రాట్నం, ఒక్కసారి చేయిజారి కిందపడితే, అక్కడితో సరి. ధర షరతు పక్కన పెట్టేద్దాం, అప్పటి రూపాయితో ఇప్పటి రూపాయిని పోల్చి తీర్పు చెప్పడం తేలిక కాదు.

ఇక బెజవాడ కొలబద్ద. 20 లక్షలు అన్న అంకె రాట్నాల గురించే గానీ వాటి నాణ్యత గురించి ఏమీ చెప్పదు. అంకె చూసుకుని రాట్నాలు చేస్తే తిరగని రాట్నాలు కూడా లెక్కలోకి వస్తాయి. బహుమతి సరుకుగా ఇవాళ అమ్ముడయ్యే వాటి తంతు కూడా ఇదే, తయారైన సంఖ్యకూ వడికే సంఖ్యకూ పొంతన ఉండదు. ఎనిమిదేళ్లకు, 1929లో, కాగితం మీద అడుగులూ గంటలూ మరమ్మతు ఖర్చూ రాసుకోవాల్సి రావడాన్ని చూస్తే, ఆ ఉద్యమంలో పనిముట్టు గురించి పట్టించుకున్నవాళ్ల గొంతు చివరికి పైకి వచ్చిందనే అనుకోవాలి. మా దృష్టిలో ఖాదీ చరిత్రలో గొప్ప పత్రాల్లో అదొకటి, ఉపన్యాసాల కంటే మేలు.

గుడ్డ కోసం కొంటున్నారా? అయితే ఈ లెక్క కూడా చూసుకోండి. 20 నంబరు నూలుతో, అంగుళానికి 50 పడుగు (నిలువు) పోగులు, 45 పేక (అడ్డం) పోగులు వేసి నేస్తే చదరపు మీటరుకు 4 కిలోమీటర్ల నూలు పడుతుంది. రెండున్నర మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల పన్నా ఉన్న చొక్కా గుడ్డకు 9 కిలోమీటర్లు. గంటకు 270 చొప్పున 33 గంటలు, కొత్తవాళ్లకు 75. రోజుకు అరగంట అయితే ఐదు నెలలు. ఇంతా చేసి, నేసేవాళ్లు ఒప్పుకోవాలి. 1920ల్లో చాలాచోట్ల మిల్లు నూలు పడుగుగా పెట్టి, చేతి నూలు పేకకు మాత్రమే వాడింది అందుకే. పడుగు పోగు మగ్గం మీద గుంజుడుకు ఆగాలి, ఒక్క సన్నటి చోటు ఉన్నా అక్కడే తెగుతుంది. పడుగుకు ఇవ్వదలచుకుంటే ఒకే చేతి మీద, ఒకే రకం ఏకులతో వడికిన నూలే ఇవ్వండి, నలుగురివి కలపకండి. మొదటి రెండు మూడు కిలోమీటర్లు మాత్రం పేకకో, ఒత్తులకో ఉంచేయడమే న్యాయం.

నేర్చుకునే దశలో ఉన్నవాళ్లు, పిల్లలకు చూపించాలనుకునేవాళ్లు ముందు తకిలీ కొనుక్కోవడం తెలివైన పని. 1937లో గాంధీ ప్రతిపాదించిన, చేతిపనితో చదువు చెప్పే వార్ధా విద్యా పథకంలో బడిపిల్లల చేతికి ఇచ్చింది దాన్నే. కింద బిళ్ల, పైన కొక్కెం, అంతే, చెడిపోయేందుకు ఏమీ లేదు. ఏకు ఎలా జారుతుందో, పురి ఎక్కువైతే దారం ఎలా మెలిపడుతుందో చేతికి అక్కడే తెలుస్తుంది. కుడిచేతి పిడి, ఎడమచేతి ఏకు ఒకేసారి నేర్చుకోబోయి రెండూ చెడగొట్టుకునే బాధ తప్పుతుంది. తకిలీ మీద తెగకుండా పది మీటర్లు తీయగలిగాక రాట్నం కొంటే, దుకాణంలోనే దాన్ని తిప్పి మంచిదో కాదో మీరే చెప్పగలరు.

కొనేటప్పుడు రాట్నంతో పాటు కదుళ్లు కనీసం రెండు అదనంగా, సన్న తాడు ఐదు మీటర్లు, విడి ఏకులు పావుకిలో తీసుకోండి. ఏకుల సంచిని అక్కడే విప్పి ఒకటి లాగి చూడండి, ఆన్‌లైన్‌లో అయితే ముందు ఏకులు మాత్రమే తెప్పించుకుని చూశాక రాట్నానికి ఆర్డరు పెట్టండి. కదురు విడిగా ఇవ్వం, పెట్టెతో పాటే వస్తుంది అనే దుకాణంలో కొనకండి.